మంత్రానికి వెల ఎంత?
యంగ్ అడల్ట్ (పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్లవాళ్ల కోసం రాసే) ఫాంటసీ నవలల మీద పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఎనిమిదో తరగతి నుంచి యంగ్ అడల్ట్ ఫాంటసీలు వదలకుండా చదువుతున్నాను. లారెన్ రాబర్ట్స్ ‘పవర్‌లెస్’ మొదటి పుస్తకం ఊపిరి సలపనివ్వలేదు, మూడోదానికి వచ్చేసరికి ఓపిక పోయింది. రెబెకా రాస్ ‘డివైన్ రైవల్స్’ రెండుసార్లు చదివాను. టోమీ అడెయెమి ‘చిల్డ్రన్ ఆఫ్ బ్లడ్ అండ్ బోన్’ అంటే ప్రాణం. దాని మూడో భాగం కోసం ఏళ్ల తరబడి కాచుక్కూర్చుని, తీరా చదివాక మనసు చివుక్కుమంది. ఎటు చూసినా అదే కథ: దిక్కులేని అమ్మాయి, దాచుకున్న రహస్యం, శత్రువు కొడుకుతో ప్రేమ, మూడు పరీక్షలు. ఈ రకం నవలల్లో సారం అయిపోయిందా, నా ఎంపికే తప్పా?
– డిగ్రీ చదివే పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: సారం అయిపోలేదు. మీ ఎంపికలోనూ పెద్ద తప్పు లేదు. రెండుసార్లు చదివిన పుస్తకాన్నీ, ఓపిక పోయిన పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి, తేడా అక్కడే ఉంది. దిక్కులేని పిల్ల, శత్రువు కొడుకు ఉన్నంత మాత్రాన నవల చెడదు. మన జానపద కథల్లో ఏడుగురు రాకుమారుల్లో చిన్నవాడే ఎప్పుడూ గెలుస్తాడు, అయినా మనం వినడం మానలేదు. ఫాంటసీ చెడేది అందులోని మంత్రానికి హద్దూ వెలా లేనప్పుడు.

హిరణ్యకశిపుడి వరం గుర్తు చేసుకోండి. పగలు గానీ రాత్రి గానీ, ఇంట్లో గానీ బయట గానీ, మనిషి చేత గానీ మృగం చేత గానీ చావు రాకూడదు. షరతులన్నీ కథ మొదట్లోనే మన ముందు పరిచారు. చివర్లో నరసింహుడు సంధ్యవేళ, గడప మీద, గోళ్లతో చంపినప్పుడు మనకు అంత తృప్తి ఎందుకు కలుగుతుందంటే, ఆ వరంలోని ఒక్క షరతూ తప్పకుండా వరం విరిగింది కాబట్టి. బ్రాండన్ శాండర్సన్ అనే అమెరికన్ రచయిత 2007లో ఇదే సంగతిని సూత్రంగా రాశాడు: మంత్రం ఎలా పనిచేస్తుందో పాఠకుడికి ముందుగా ఎంత బాగా తెలిస్తే, దానితో చిక్కు విప్పినప్పుడు కథ అంత బాగా నప్పుతుంది. పురాణం చెప్పే హరిదాసుకి ఈ కిటుకు ఎప్పుడో తెలుసు.

ఇప్పుడు మీ పుస్తకాల దగ్గరికి వద్దాం. ‘డివైన్ రైవల్స్’ (2023)లో దేవతల యుద్ధం ఉన్నా, కథను నడిపే మంత్రం చాలా చిన్నది. టైప్‌రైటర్ మీద కొట్టిన ఉత్తరాన్ని బట్టల అలమర తలుపు కిందికి తోస్తే అది మరో అలమర దగ్గర తేలుతుంది. అంతే. నాయిక ఐరిస్ యుద్ధరంగానికి వెళ్లినప్పుడు ఆ టైప్‌రైటర్ చేతిలో ఉండాలి, అలమర దొరకాలి. ఉత్తరం అందుకుంటున్నది ఎవరో ఆమెకు తెలియదు, మనకు తెలుసు. ఇంత చిన్న నియమం నుంచి అంత ఉత్కంఠ పుట్టింది. రెండో పుస్తకం ‘రూత్‌లెస్ వౌస్’తో ఆ జంట కథ ముగుస్తుంది కాబట్టి సాగదీత కూడా లేదు.

‘పవర్‌లెస్’ది వేరే బలం. (మొదటి పుస్తకం చదవనివాళ్లు ఈ పేరా దాటేయండి.) శక్తులున్నవాళ్లకే బతుకు ఉన్న రాజ్యంలో ఏ శక్తీ లేని పేడిన్, తనకు అతీంద్రియ శక్తి ఉందని నటిస్తుంది. ఆమె చేసేది మనుషుల్ని నిశితంగా గమనించడం మాత్రమే. దొరికితే చావు, కాబట్టి ప్రతి పేజీలో ప్రమాదం ఉంటుంది. ఈ నటనే ఆ నవలకు ఇంజన్. గుట్టు బయటపడ్డాక ఆ ఇంజన్ ఆగిపోతుంది, మిగిలిన పుస్తకాలను ప్రేమకథ ఒక్కటే లాగాలి. పోటీలూ పరీక్షల చుట్టూ అల్లిన సీరీస్‌లలో చాలావాటికి ఇదే జబ్బు. 2008లో సుజాన్ కాలిన్స్ ‘ది హంగర్ గేమ్స్’ వచ్చాక ఈ అచ్చు బాగా వాడుకలోకి వచ్చింది. రచయితకు ఇందులో సౌకర్యాలు ఎన్నో ఉన్నాయి: శత్రువుల్ని ఒకే చోట కట్టిపడేయొచ్చు, పక్కపాత్రల్ని చంపొచ్చు, మూడు పరీక్షలు పెడితే మూడు ఘట్టాలు వాటంతటవే వస్తాయి. పోటీ ముగిసిన మర్నాడు కథ ఎటు పోవాలన్నది మాత్రం ముందే ఆలోచించి ఉండాలి. కాలిన్స్ ఆలోచించింది కాబట్టే ఆటలు కాస్తా తిరుగుబాటుగా మారాయి.

‘చిల్డ్రన్ ఆఫ్ బ్లడ్ అండ్ బోన్’ (2018) విషయంలో మీ బాధ న్యాయమైనదే. పశ్చిమ ఆఫ్రికాలోని యొరూబా ప్రజల దేవతల నుంచి పుట్టిన ఆ లోకంలో, రక్తంతో చేసే మంత్రం చేసినవాళ్ల ప్రాణాన్నే తోడేస్తుంది. ఇంత స్పష్టంగా వెల చెప్పిన నవలలు తక్కువ. రెండో పుస్తకం 2019లో రాజ్యాన్ని నిలువునా చీల్చి వదిలింది. 2024లో వచ్చిన మూడోది ఆ చీలికను పక్కన పెట్టి సముద్రం అవతలి కొత్త శత్రువును తెచ్చింది. ఇంట్లో తగువు తెగకుండానే ఊరి మీద దొంగలు పడ్డట్టయింది. మీరు ఎదురుచూసింది ఆ తగువు తెగడం కోసం.

ఇకమీదట ఎంచుకునేటప్పుడు మొదటి 50 పేజీల్లో పెన్సిల్‌తో మూడు సంగతులు వెతకండి. ఈ శక్తి ఎవరికి ఉంటుంది, ఎందుకు? వాడితే ఏం పోతుంది? దీనివల్ల కానిది ఏమిటి? మూడింటిలో ఒక్కదానికైనా జవాబు దొరకకపోతే, అట్ట ఎంత మెరిసినా కింద పెట్టేయండి. అట్ట వెనక “శత్రువుల నుంచి ప్రేమికుల దాకా”, “ఒకటే మంచం” లాంటి మాటలే వరసగా ఉండి, కథ ఏమిటో ఒక్క వాక్యం కూడా లేని పుస్తకాలతో మరింత జాగ్రత్త. అవి ఘట్టాలను అమ్ముతున్నాయి, కథను కాదు.

ఈ కొలతకు నిలిచేవి కొన్ని చెబుతాం. లీ బార్డూగో ‘సిక్స్ ఆఫ్ క్రోస్’ (2015), ‘క్రుకెడ్ కింగ్‌డమ్’ (2016): రెండే పుస్తకాలు, పూర్తయిపోయాయి. అందులో ‘పారెమ్’ అనే మందు మాంత్రికుల శక్తిని ఎన్నో రెట్లు పెంచుతుంది, ఒక్కసారికే బానిసల్ని చేస్తుంది, చాలామందిని చంపుతుంది. వెల అంటే అది. షిరన్ జే జావ్ ‘ఐరన్ విడో’ (2021) ఇంకా కటువైనది. యుద్ధయంత్రాన్ని నడిపే జంటలో అబ్బాయికి శక్తి వచ్చేది అమ్మాయి ప్రాణం నుంచి. కోపంతో రాసిన నవల, హింస ఎక్కువ, పదహారు దాటినవాళ్లకే. సబా తాహిర్ ‘ఎయిర్’ (2024) ముగ్గురి కథలను విడివిడిగా నడిపి ఒక ముడి దగ్గర కలుపుతుంది. కాలం ఎలా నడుస్తోందో కనిపెట్టుకుని చదవండి, ఇంతకు మించి చెబితే మీ ఆనందం పాడవుతుంది. ఇది ఆమె ‘యాన్ ఎంబర్ ఇన్ ది యాషెస్’ లోకంలోనే ఇరవై ఏళ్ల తర్వాతి కథ. అవి చదవకపోయినా అర్థమవుతుంది గానీ ఆ నాలుగు పుస్తకాల ముగింపు తెలిసిపోతుంది.

ఒక్క పుస్తకంతో ముగిసేది కావాలంటే ఆక్సీ ఓ రాసిన ‘ది గర్ల్ హూ ఫెల్ బినీత్ ది సీ’ (2022) చదవండి. కొరియాలో గుడ్డి తండ్రి కోసం సముద్రంలో దూకిన షిమ్ చాంగ్ కథ ఇంటింటా తెలుసు. ఈ నవలలో ఆమెకు బదులు మరో పిల్ల దూకుతుంది. తెలిసిన కథలో ఒక్క రాయి కదిపితే ఎంత దూరం వెళ్లొచ్చో చూపించిన పుస్తకం.

ప్రశ్న: మా అమ్మాయికి పదమూడేళ్లు. స్నేహితురాళ్లంతా చదువుతున్నారని ‘ఫోర్త్ వింగ్’ కొనిపెట్టమంటోంది. షాపులో అది పిల్లల ఫాంటసీల పక్కనే ఉంది. కొనొచ్చా?
– ఒక తల్లి, నెల్లూరు

జవాబు: ఇప్పుడు వద్దండి. రెబెకా యారోస్ రాసిన ఆ నవల (2023) పెద్దవాళ్ల కోసం వచ్చింది. నాయికకు ఇరవై ఏళ్లు, శృంగార ఘట్టాలు దాపరికం లేకుండా ఉంటాయి. పుస్తకం మొదట్లో హెచ్చరిక కూడా వేశారు. డ్రాగన్లూ శిక్షణా కళాశాలా ఉన్నాయని షాపువాళ్లు పిల్లల అర మీద పెట్టేస్తారు. సారా జె. మాస్ ‘ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్’ది ఇంకా చిక్కు. 2015లో యంగ్ అడల్ట్‌గానే వచ్చింది, తర్వాత ప్రచురణకర్తలే దాన్ని పెద్దల విభాగానికి మార్చి 2020లో కొత్త అట్టలు వేశారు. పాత అట్టతో సెకండ్‌హ్యాండ్ ప్రతి దొరికితే పిల్లల పుస్తకమే అనుకునే ప్రమాదం ఉంది.

అర పేరు నమ్మకండి. టైటిల్ పేజీ వెనక, హక్కుల వివరాలుండే పేజీ చూడండి. అమెరికన్ ముద్రణల్లో చాలాసార్లు ‘ఆడియన్స్: ఏజెస్ 12 అండ్ అప్’ అనో, ఏ తరగతి నుంచి ఏ తరగతి దాకా అనో ఉంటుంది. మన దగ్గర ఎక్కువగా దొరికే బ్రిటిష్ ముద్రణల్లో అది ఉండకపోవచ్చు, అప్పుడు ప్రచురణకర్త వెబ్‌సైట్‌లో ఆ పుస్తకం ఏ విభాగంలో ఉందో చూడండి. సాధారణంగా ‘మిడిల్ గ్రేడ్’ అంటే ఎనిమిది నుంచి పన్నెండేళ్లు, ‘యంగ్ అడల్ట్’ అంటే పన్నెండు నుంచి పద్దెనిమిది, ‘న్యూ అడల్ట్’ అంటే పద్దెనిమిది దాటినవాళ్లు. పేరులో అడల్ట్ రెండింటికీ ఉంది, అక్కడే తికమక. యంగ్ అడల్ట్ లోపల కూడా పన్నెండేళ్లకూ పదిహేడేళ్లకూ చాలా దూరం ఉంది కాబట్టి, కొనేముందు మధ్యలో ఒక అధ్యాయం, చివర్లో ఒక అధ్యాయం మీరే చదవండి. ఇరవై నిమిషాల పని.

ఊరికే వద్దంటే స్నేహితురాలి దగ్గర తెచ్చుకుని చదువుతుంది. డ్రాగన్ కావాలన్న కోరిక మంచిదే, దానికి క్రిస్టఫర్ పావొలీని ‘ఎరగాన్’ (2003) ఇవ్వండి. రాయడం మొదలుపెట్టినప్పుడు ఆ అబ్బాయికి పదిహేనేళ్లు, మీ అమ్మాయికంటే రెండేళ్లే పెద్ద. అసలు సీరీస్ నాలుగు పుస్తకాలతో 2011లో పూర్తయింది, 2023లో ‘మర్టాగ్’ వచ్చింది. ‘ఎరగాన్’ లోకంలో మంత్రం వేస్తే, ఆ పని చేతులతో చేయడానికి ఎంత బలం పడుతుందో అంత బలం ఒంట్లోంచి పోతుంది. లెక్క ఇంత సూటిగా ఉంటుంది కాబట్టి పిల్లలు తామే ఎత్తులు ఊహిస్తారు. ఇంకా మంచి వచనం చదివించాలనుకుంటే క్యాథరీన్ రండెల్ ‘ఇంపాసిబుల్ క్రీచర్స్’ (2023), దాని తర్వాతిది ‘ది పాయిజన్డ్ కింగ్’ (2025). ఇవి కాస్త చిన్న పిల్లల కోసం అన్నా, పదమూడేళ్ల పిల్లకు చిన్నతనంగా అనిపించవు.

ప్రశ్న: ఒకే లోకం మీద ఏడెనిమిది పుస్తకాలు ఉంటున్నాయి. కథలో ముందు జరిగినవి ముందు చదవాలా, ముందు అచ్చయినవి ముందు చదవాలా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: అచ్చయిన వరసలోనే. ముందటి కాలం కథను రచయిత తర్వాత రాశాడంటే, పాఠకుడికి అసలు కథ తెలుసన్న నమ్మకంతో రాస్తాడు. ఫిలిప్ పుల్‌మన్ ‘లా బెల్ సావేజ్’ (2017)లో ఆ లోకపు నాయిక లైరా పసిబిడ్డ. అయినా ముందుగా 1995, 1997, 2000లలో వచ్చిన ‘హిజ్ డార్క్ మెటీరియల్స్’ మూడు పుస్తకాలూ చదవాలి. ‘డస్ట్’ అంటే ఏమిటో అక్కడ మెల్లమెల్లగా తెలుస్తుంది, ఆ తెలుసుకోవడమే సగం కథ. ఆ తర్వాత ‘లా బెల్ సావేజ్’, ‘ది సీక్రెట్ కామన్‌వెల్త్’ (2019), చివరగా 2025 అక్టోబర్‌లో వచ్చిన ‘ది రోజ్ ఫీల్డ్’. చివరి రెంటిలో లైరా పెద్దదైపోయింది, ఆ పుస్తకాలూ పెద్ద పిల్లలకే. కొనేటప్పుడు ఒక జాగ్రత్త: మొదటి పుస్తకం బ్రిటన్‌లో ‘నార్తర్న్ లైట్స్’, అమెరికాలో ‘ది గోల్డెన్ కంపాస్’. రెండూ ఒకటే, వేర్వేరు అనుకుని రెండూ కొనకండి.

బార్డూగో లోకంలో ‘షాడో అండ్ బోన్’ త్రయం (2012–14), తర్వాత ‘సిక్స్ ఆఫ్ క్రోస్’ జంట, తర్వాత ‘కింగ్ ఆఫ్ స్కార్స్’ జంట (2019, 2021). తొందరగా ఉంటే ‘సిక్స్ ఆఫ్ క్రోస్’తో మొదలుపెట్టొచ్చు, చివరి జంటతో మాత్రం వద్దు. కాలిన్స్ ‘సన్‌రైజ్ ఆన్ ది రీపింగ్’ (2025) హేమిచ్ యవ్వనం కథ. ‘ది హంగర్ గేమ్స్’ త్రయంలో అతణ్ని తాగుబోతుగా చూసినవాళ్లకే అందులోని దుఃఖం పూర్తిగా అందుతుంది.

ప్రశ్న: రాబోయే పుస్తకాన్ని ప్రీఆర్డర్ చేస్తే తేదీ మారుతూనే ఉంది. విసిగిపోయి ఫుట్‌పాత్ మీద కొన్న మరో కొత్త నవలలో మధ్యలో పేజీలు లేవు. ఏం చేయాలి?
– ఇంజినీరింగ్ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: తేదీల సంగతి ముందు. షాపింగ్ సైట్‌లో విడుదల తేదీ డిసెంబర్ 31 అని ఉండి, అట్ట బొమ్మ లేకపోతే అది గడి నింపడానికి వేసిన తేదీ అనుకోండి. అట్ట, పేజీల సంఖ్య, ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు) మూడూ వచ్చాకే డబ్బు కట్టండి. సీరీస్‌లో రెండో, మూడో పుస్తకాలు ఆలస్యం కావడం మామూలే. మొదటిది రాసేటప్పుడు రచయితకు గడువు లేదు, తర్వాతివాటికి ఉంటుంది. పైగా అచ్చయిపోయిన మొదటి పుస్తకాన్ని దిద్దడానికి లేదు కాబట్టి, అందులో వదిలేసిన పొరపాట్లను కథలోనే సర్దుకోవాలి. ‘ఐరన్ విడో’ తర్వాతి భాగం మళ్లీ మళ్లీ వాయిదా పడి 2024 డిసెంబర్‌లో వచ్చింది. పూర్తయిన సీరీస్‌లు చదువుతూ కొత్తవాటి కోసం కాచుకోవడం మేలు. ‘సన్‌రైజ్ ఆన్ ది రీపింగ్’ సినిమాకు 2026 నవంబర్ 20 తేదీ ప్రకటించారు. సినిమాలు వచ్చే సమయానికి షాపుల్లో నటుల బొమ్మల అట్టలు నిండిపోతాయి, అసలు అట్ట కావాలనుకునేవాళ్లు ముందే కొనుక్కోవాలి.

మీరు కొన్నది దొంగ ముద్రణ అయి ఉంటుంది. పుస్తకాలు విడి పేజీలుగా అచ్చు కావు. పెద్ద కాగితం మీద వేసి మడిచి, 16 లేదా 32 పేజీల కట్టలుగా చేసి కూర్చుతారు. ఒక కట్ట జారిపోతే అన్ని పేజీలూ ఒక్కసారే పోతాయి, లేదా ఒకే కట్ట రెండుసార్లు పడుతుంది. అసలు ముద్రణలోనూ అరుదుగా ఇలా జరుగుతుంది, అప్పుడు షాపువాళ్లు మార్చి ఇస్తారు. ఫుట్‌పాత్ మీద మార్చేవాళ్లుండరు.

ఫాంటసీలకు ఒక సులువైన పరీక్ష ఉంది: మొదట్లో వేసే పటం. అసలు ప్రతిలో చిన్న ఊళ్ల పేర్లు కూడా చదవగలం. స్కాన్ చేసి వేసిన ప్రతిలో కొండల గీతలు అలుక్కుపోయి, అక్షరాలు మసిమరకల్లా ఉంటాయి. అట్ట మీద పేరును వేలితో తడమండి, ఉబ్బెత్తుగానో బంగారు రేకుతోనో ఉండాల్సినది దొంగ ప్రతిలో చదునుగా ఉంటుంది. లోపలి అంచు చాలక, పుస్తకం విరిచి పట్టుకుంటే గానీ వాక్యం చివర కనిపించదు. ఐఎస్‌బీఎన్ చూసి తేల్చలేం, దొంగలు అసలు నంబరే వేస్తారు. డబ్బు తక్కువైతే ఆబిడ్స్‌లో ఆదివారం పూట దొరికే పాత పుస్తకాల్లో అసలు ప్రతులు వెతకండి. డిసెంబర్‌లో హైదరాబాద్, జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనల్లో కూడా సెకండ్‌హ్యాండ్ స్టాళ్లు చూడండి. అట్ట నలిగినా పేజీలన్నీ ఉన్న పుస్తకమే కొత్తగా మెరిసే దొంగ ప్రతికంటే నయం.

ప్రశ్న: తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లిష్ ఫాంటసీ మొదలుపెడితే ఇరవై పేజీల్లో ఆగిపోతున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఇంటర్ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: ఆగిపోవడం మీ ఇంగ్లిష్ లోపం ఒక్కటే కాదు. ఫాంటసీ మొదటి పేజీల్లో రాని ఇంగ్లిష్ మాటలూ, రచయిత కల్పించిన మాటలూ కలిసి ఉంటాయి. ఏది దేనిలోదో తెలియక ప్రతిదానికీ నిఘంటువు తీస్తే అలసిపోతాం. పెద్ద అక్షరంతో మొదలయ్యే వింత మాటలకు నిఘంటువు తీయకండి, అవి ఆ లోకంలోనివి, నాలుగు పేజీల్లో కథే అర్థం చెబుతుంది. ఒక చీటీ మీద పాత్ర పేరు, పక్కన రెండు మాటలు రాసుకోండి: ఎవరు, ఎవరి పక్షం. రోజుకు పది పేజీలు చాలు, నెలలో మూడువందల పేజీల నవల అయిపోతుంది.

మొదటగా రిక్ రియోర్డన్ ‘ది లైట్నింగ్ థీఫ్’ (2005). పన్నెండేళ్ల కుర్రాడు తన మాటల్లో చెప్పే కథ కాబట్టి వాక్యాలు చిన్నవి. తర్వాత రోషనీ చోక్షీ ‘ఆరూ షా’ సీరీస్ (2018–2022, ఐదు పుస్తకాలు). అట్లాంటాలో ఉండే భారతీయ పిల్ల భరతుడి దీపం వెలిగించి చిక్కు తెచ్చుకుంటుంది, పాండవులు అమ్మాయిలుగా మళ్లీ పుడతారు. గాండీవం, ఇంద్రుడు మీకు తెలిసినవే కాబట్టి సగం బరువు తగ్గుతుంది. అమెరికాలో పెరిగే మన పిల్లలకైతే ఇదే పుస్తకం భారతంలోకి దారి చూపుతుంది. ‘హ్యారీ పోటర్’ మొదటి భాగం తెలుగులో ‘పరుసవేది’ పేరుతో మంజుల్ ప్రచురణగా వచ్చింది. గ్రంథాలయంలో దొరికితే ఒక అధ్యాయం తెలుగులో, అదే అధ్యాయం ఇంగ్లిష్‌లో చదవండి.

అర్సులా లె గ్విన్ ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ (1968) చిన్న పుస్తకమని దానితో మొదలుపెట్టకండి. పేజీలు తక్కువే గానీ వాక్యాలు చిక్కన. ఆరు నెలల తర్వాత తప్పకుండా చదవండి. వస్తువు అసలు పేరు తెలిస్తే దాని మీద పట్టు దొరుకుతుంది, పట్టు చూపించుకోవాలన్న గర్వంతో కుర్రవాడు తన నీడనే లోకం మీదికి వదులుతాడు. మంత్రానికి వెల గురించి ఇంతకంటే లోతుగా రాసిన యువ నవల మాకు తెలియదు.

ప్రశ్న: తెలుగులో ఇలాంటి నవల రాయాలని ఉంది. మూడుసార్లు మొదలుపెట్టి యాభై పేజీల్లో ఆపేశాను. రాస్తున్నది ఇంగ్లిష్ నవలకు అనువాదంలా ఉంటోంది.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: యాభై పేజీల దగ్గర ఆగిందంటే లోకం కట్టారు, చిక్కు కట్టలేదు. పటం, వంశవృక్షం, రాజ్యాల పేర్లు పక్కన పెట్టి ఒక్క కాగితం తీసుకోండి. మంత్రం ఎవరి చేతిలో ఉంది, దానికి ఏం కావాలి, వాడితే ఏం పోతుంది, ఏది చేయలేదు: నాలుగు వాక్యాలు రాయండి. ఐదో వాక్యం: మీ నాయికకు అన్నిటికంటే కావాల్సింది ఏమిటి? ఆ కావాల్సినదీ, మంత్రానికి చెల్లించాల్సిన వెలా ఒకదానికొకటి అడ్డుపడాలి. జ్ఞాపకాలు పోగొట్టుకుంటే గానీ మంత్రం పనిచేయని లోకంలో, చనిపోయిన తల్లి ముఖం మరిచిపోకూడదనుకునే పిల్ల ఉందనుకోండి. ఇక కథ దానంతటదే నడుస్తుంది.

నమూనా కోసం దూరం వెళ్లనక్కర్లేదు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. ఎంత బలవంతుడికైనా ఒక మర్మస్థానం, దాని చిరునామా, అక్కడికి దారి, దారిలో కాపలా. ఒక నవలకు సరిపడా ఎముకలగూడు అందులో ఉంది. ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి రెండు దశాబ్దాలకు పైగా రాసిన సీరియళ్లు వెతికి చదవండి: ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘పాతాళదుర్గం’. వర్ణన తక్కువ, పని ఎక్కువ. భాగం చివర ఎవరో ఒకరు ప్రమాదంలో ఉంటారు, తర్వాతి నెల భాగం దాన్ని విప్పుతూనే ఇంకోటి బిగిస్తుంది. ఆ సీరియళ్లలో తక్కువగా ఉన్నదీ, ఈ కాలపు యువ నవల అడిగేదీ ఒకటుంది: పాత్ర లోపలి మార్పు. ఆ ఎముకలకు మీరు పెట్టాల్సిన కండ అదే.

అనువాదంలా వినిపించడానికి కారణం ఎక్కువగా సంభాషణల్లో ఉంటుంది. ఇంగ్లిష్‌లో పదహారేళ్ల పిల్ల రాజుతోనైనా ‘యూ’ అంటుంది. తెలుగులో నువ్వు, మీరు, తమరు అన్న ఎంపికలోనే కథ ఉంది. ‘మీరు’ అంటున్న పిల్ల ఒక్కసారి ‘నువ్వు’ అంటే అది తిరుగుబాటు, ఒక పేరా వర్ణన ఆదా. మీ పాత్రలు వరంగల్ మాట మాట్లాడితే కోటలో కూడా అదే మాట్లాడనివ్వండి, సినిమా జానపదాల “ఓ మహారాజా” భాష వద్దు. కల్పించిన పేర్లు మొదటి అధ్యాయంలో నాలుగు మించకూడదు, రెండు ముఖ్యపాత్రల పేర్లు ఒకే అక్షరంతో మొదలు కాకూడదు. రుద్రసేనుడూ రుద్రాణీ ఒకే ఘట్టంలో ఉంటే పాఠకుడు వెనక్కి తిప్పాల్సి వస్తుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. చేతబడి, బాణామతి అనే మాటల్ని సరదా మంత్రానికి వాడకండి. ఆ నింద మీద మన పల్లెల్లో నిజం మనుషుల్ని కొట్టారు, చంపారు. మీ నవల చదివే పిల్లల్లో అలాంటి ఇంటి నుంచి వచ్చినవాళ్లు ఉండొచ్చు. ఆ భయమే మీ కథాంశమైతే నింద పడ్డ మనిషి పక్కన నిలబడి రాయండి. కాదంటే మీ లోకానికి మీ సొంత మాట పుట్టించుకోండి.

నిడివి విషయంలో ఇంగ్లిష్ లెక్క పెట్టుకోవద్దు. అక్కడ యువ ఫాంటసీ సాధారణంగా 80 వేల నుంచి లక్ష మాటలు ఉంటుంది. తెలుగులో విభక్తులు మాటకే అతుక్కుంటాయి కాబట్టి అదే కథ తక్కువ మాటల్లో ఇముడుతుంది. మొదటి నవలకు 40 వేలు పెట్టుకోండి: రెండేసి వేల మాటల చొప్పున ఇరవై భాగాలు. మూడు పుస్తకాల ఆలోచన ఇప్పుడు వద్దు. రాసే ముందు ఇరవయ్యో భాగం చివరి ఘట్టం ఒక పేరాలో రాసి గోడకు అంటించండి, ఆ తర్వాతే మొదటి భాగం. ఐదు భాగాలు అయ్యాక పన్నెండు, పదమూడేళ్ల పిల్లలిద్దర్ని కూర్చోబెట్టి చదివి వినిపించండి. బాగుందా అని అడగొద్దు, మర్యాదకు బాగుందంటారు. “తర్వాత?” అనడం ఏ పేజీ దగ్గర మానేశారో అక్కడ గుర్తు పెట్టుకుని, దానికి రెండు పేజీల ముందు నుంచి తిరగరాయండి.